పద్నాలుగేళ్లుగా అవే పాఠాలు: మళ్లీ చదివితే టీచరుకు ఒరిగేదేమిటి?

మీ ప్రశ్నను కుదించి చెబితే ఇదీ: జిల్లా పరిషత్ హైస్కూల్లో గణితం స్కూల్ అసిస్టెంట్, పద్నాలుగేళ్ల సర్వీసు, ఆరు నుంచి పది దాకా పాఠాలన్నీ నోటికొచ్చు. ఆన్‌లైన్ కోర్సులంటే వీడియో ఒకపక్క ఆడుతుండగా మరో పని చూసుకుని, చివర్లో క్విజ్ కొట్టి సర్టిఫికెట్ దించుకోవడం. ఉపాధ్యాయుడు నిత్య విద్యార్థి అని ప్రతి సెప్టెంబర్ 5నా వింటున్నాం, దానివల్ల నా క్లాసులో ఏం మారుతుంది? ఏం చదవాలి, ఎంతసేపు, ఇందులో ఏఐ పనికొస్తుందా?

ముందు మారనివి చెప్పేస్తాను. జీతం పెరగదు. యాప్‌లలో ఎక్కించాల్సిన ఫొటోలు తగ్గవు. మారేదల్లా పిల్లల నోట్‌బుక్‌లో తప్పు జవాబు ఎదురైనప్పుడు మీకు అందులో కనిపించేది. ఇన్నాళ్లూ "అజాగ్రత్త" అని ఇంటూ కొట్టి వదిలేసిన చోట ఒక పద్ధతి కనిపిస్తుంది. ఆ పద్ధతి తెలిస్తే దాన్నే సరిచేయొచ్చు, పాఠమంతా మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ చూపును ఇవ్వని చదువు ఎన్ని గంటలు చదివినా సర్వీసు ఫైల్లోకే పోతుంది.

ఉదాహరణకు దశాంశ భిన్నాలు తీసుకోండి. ఏడో తరగతిలో 0.4, 0.35లలో ఏది పెద్దదని అడగండి. 0.35 అన్నవాళ్ల సంగతి మీకు తెలిసిందే, 35 అనేది 4 కంటే పెద్దది కదా అనుకుంటారు. 0.4 అన్నవాళ్లకు వచ్చేసిందనుకుని ముందుకెళ్లిపోతాం. వాళ్లనే ఇప్పుడు 0.45, 0.3లలో ఏది పెద్దదని అడగండి. కొందరు 0.3 అంటారు. పదోవంతు పెద్ద ముక్క, నూరోవంతు చిన్న ముక్క, కాబట్టి బిందువు తర్వాత అంకెలు ఎన్ని తక్కువుంటే సంఖ్య అంత పెద్దదని వాళ్ల లెక్క. మొదటి ప్రశ్నకు సరైన జవాబు ఇచ్చింది ఈ తప్పు ఆలోచనతోనే. మన యూనిట్ టెస్టుల్లో సాధారణంగా మొదటి రకం జతలే ఇస్తాం కాబట్టి వీళ్లకు ఏటా ఫుల్ మార్కులు వస్తుంటాయి.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టైన్లీ ఇలాంటి జతలతోనే పిల్లల ఆలోచనలను వర్గాలుగా విడదీశారు. మీకు చీటీ మీద నాలుగు జతలు చాలు: 0.4 - 0.35, 0.45 - 0.3; 4.45 - 4.4502, 0 - 0.6. మొదటిది తప్పి రెండోది ఒప్పయితే పూర్ణసంఖ్యల ఆలోచన. మొదటిది ఒప్పై రెండోది తప్పితే ఇందాక చెప్పిన "పొట్టిదే పెద్దది". రెండూ ఒప్పై మూడో దాంట్లో "రెండూ సమానం" అంటే రూపాయలు-పైసల ఆలోచన, రెండు స్థానాల తర్వాత ఇంకేమీ లేదన్నట్టు. నాలుగో దాంట్లో 0 పెద్దదనేవాళ్లూ ఉంటారు, చూసి కంగారు పడకండి.

ఇవి ఎక్కడి నుంచి వస్తాయో వెతికితే కొంత మన దగ్గరే దొరుకుతుంది. 3.12ను "మూడు పాయింట్ పన్నెండు" అని చదివేది మనమే, పన్నెండు అన్నాక పిల్లవాడికి పూర్ణసంఖ్య కాక ఇంకేం వినిపిస్తుంది? క్రికెట్ స్కోరులో 4.5 ఓవర్ల తర్వాత ఒక్క బంతి పడితే 5 ఓవర్లవుతుంది. అక్కడ చుక్క తర్వాత ఉన్నది పదోవంతులు కాదు, ఆరు బంతుల లెక్క. చాలామంది పిల్లలు రోజూ చూసే చుక్క అదే. అందుకని "మూడు, ఒక పదోవంతు, రెండు నూరోవంతులు" అని ఓ వారం పాటు నోటితో చదివించి, ఓవర్ల సంగతి క్లాసులోనే బయటపెట్టి, 0 నుంచి 1 వరకు సంఖ్యారేఖ మీద గుర్తులు పెట్టిస్తే పని జరుగుతుంది. రెండో గుంపుకు 10×10 గళ్ల కాగితం మీద 0.3కి మూడు నిలువు వరుసలు, 0.45కి నలభై ఐదు గళ్లు రంగు వేయిస్తే చాలు.

పద్నాలుగేళ్ల అనుభవం ఇదంతా దానంతటదే నేర్పదు. రోజూ చూసేదే కాబట్టి కంటికి ఆనదు. 1999లో లిపింగ్ మా అనే పరిశోధకురాలు ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో బాగా పనికొస్తుంది. ఆమె 23 మంది అమెరికా, 72 మంది చైనా ప్రాథమిక ఉపాధ్యాయులకు 1¾ ÷ ½ ఇచ్చి, జవాబు కట్టడంతో పాటు దానికి సరిపోయే ఒక నిజజీవిత లెక్క కూడా అల్లమంది. కథ అల్లగలిగిన అమెరికా వాళ్లలో ఎక్కువమంది 2తో భాగించే కథ చెప్పారు. చైనా వాళ్లలో దాదాపు అందరూ సరైన కథే చెప్పారు. అందులోని విశేషం ఏమిటంటే, చైనా టీచర్లు బళ్లో చదివిన ఏళ్లు అమెరికా వాళ్లకంటే తక్కువ. ఆ లోతు వాళ్లకు ఉద్యోగంలో చేరాక వచ్చింది: పాఠ్యపుస్తకాన్ని వాక్యం వాక్యం చదవడం, తోటి టీచర్లతో కూర్చుని ఒక్కో లెక్క ఎన్ని రకాలుగా చేయొచ్చో చూడడం.

ఈ లెక్క మీ స్టాఫ్ రూములో వేసి చూడండి. "ఒకటీ ముప్పావు రొట్టెను ఇద్దరికి సమంగా పంచితే" అనే కథ తప్పకుండా వస్తుంది. అది 2తో భాగించడం, ½తో కాదు. "1¾ లీటర్ల పాలను అర లీటరు ప్యాకెట్లలో పోస్తే ఎన్ని ప్యాకెట్లు?" అన్నది సరైనది, మూడున్నర. ఆ చివరి ప్యాకెట్ సగమే నిండింది, అంటే పావు లీటరు. ఆ పావును జవాబులో "సగం" అని ఎందుకు రాస్తున్నామో వివరించలేకపోతే, ఆ టీచరుకు తిప్పి గుణించడం మాత్రమే తెలుసు, భాగహారం ఇంకా తెలియదు.

ఇక ఏం చేయాలన్నది. ఏడాదికి ఒక్క అధ్యాయం ఎంచుకోండి, రెండు వద్దు. వారానికి రెండుసార్లు ముప్పావు గంట చొప్పున పది వారాలు, అంటే 15 గంటలు. మొదట గైడు, పుస్తకం రెండూ మూసేసి ఆ అధ్యాయంలోని ప్రతి నియమం ఎందుకు నిజమో తెల్ల కాగితం మీద రాయండి. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధనం ఎందుకు? సున్నా కాని ఏ సంఖ్యకైనా సున్నా ఘాతం ఒకటి ఎందుకు? 1 ప్రధాన సంఖ్య ఎందుకు కాదు? "అది రూలు" అని కలం ఆగిన చోటే మీరు చదవాల్సింది ఉంది. మొదటిసారి చాలాచోట్ల ఆగుతుంది. తర్వాత అదే భావన మూడో తరగతి నుంచి పది దాకా ఎలా సాగిందో ఆ తరగతుల పుస్తకాలన్నీ వరసగా పెట్టుకుని చూడండి. హైస్కూలు టీచర్లు మూడు, నాలుగు తరగతుల పుస్తకాలు తెరవరు, భిన్నాల్లో చిక్కుముడులన్నీ అక్కడే పడతాయి. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో ఆరో తరగతికి తెచ్చిన 'గణిత ప్రకాశ్'ను మన రాష్ట్ర పుస్తకం పక్కన పెట్టి ఒకే అంశాన్ని ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో పోల్చడం కూడా మంచి పని.

పాఠం చెప్పబోయే ముందు రోజు, పిల్లలు రాసే తప్పు జవాబులు ఐదు ఊహించి రాసుకోండి. పాఠం అయ్యాక నోట్‌బుక్‌లతో సరిచూడండి. ఊహించినవి ఎన్ని వచ్చాయి, ఊహించనివి ఏం వచ్చాయి? మీ చదువు క్లాసుకు అందుతోందో లేదో ఈ పోలికలో తేలిపోతుంది, ఏ సర్టిఫికెట్టూ ఈ సంగతి చెప్పదు.

ఊహించనివాటి కోసం ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. పేజీకి మూడు గడులు: పిల్లలు రాసింది, ఎందుకు రాసి ఉంటారని మీ అంచనా, అడిగితే వాళ్లు చెప్పింది. పేర్లు రాయకండి, తరగతి, సెక్షన్ చాలు. రెండో గడి, మూడో గడి తరచూ కలవవు, అక్కడే నేర్చుకునేది ఉంటుంది. ఉదాహరణకు 502 - 247. ఒకరు 345 అని రాస్తారు, ఇంకొకరు 355. ఒక్క అంకె తేడానే, ఇద్దరికీ "అప్పు తెచ్చుకోవడం రాలేదు" అని ఒకే మాట చెప్పేస్తాం. మొదటివాళ్లు అసలు అప్పే తెచ్చుకోలేదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారు: 7లోంచి 2, 4లోంచి 0, 5లోంచి 2. రెండోవాళ్లకు అప్పు వచ్చు, సున్నాను 9 చేశారు కూడా, కానీ 5ను 4 చేయడం వదిలేశారు. మొదటివాళ్లకు పుల్లల కట్టలతో వందలు, పదులు విప్పి చూపించాలి. రెండోవాళ్లకు అది దండగ. 500లో పదులెన్ని అని అడిగి "50 పదులు, ఒకటి తీస్తే 49" అనిపిస్తే అక్కడికక్కడే సర్దుకుంటుంది. బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు 1978లోనే తీసివేతలో ఇలాంటి స్థిరమైన తప్పు పద్ధతులను వరసపెట్టి నమోదు చేశారు. పిల్లల తప్పులు చాలావరకు గాలివాటం కాదని అప్పటి నుంచీ తెలిసిందే.

మొత్తం నలభై పుస్తకాలూ చూడాలనుకుంటే రెండో వారానికే ఈ నోట్‌బుక్ అటకెక్కుతుంది. వారానికి ఆరు చాలు, బాగా చేసేవాళ్లవి రెండు, మధ్యస్థులవి రెండు, వెనకబడ్డవాళ్లవి రెండు. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఎందుకు తప్పు చేశావు?" అంటే పిల్లలు నోరు మూసుకుంటారు, లేదా "మర్చిపోయాను సార్" అంటారు. "ఇది ఎలా చేశావో నాకు చెప్పు" అనండి. సరైన జవాబులను కూడా అలాగే అడగండి, లేకపోతే మీరు అడిగారంటేనే తప్పని వాళ్లకు అర్థమైపోతుంది.

ఇప్పటివరకు చెప్పింది మీ సబ్జెక్టు లోతు. రెండోది, మీకు బొత్తిగా రానిదేదైనా నేర్చుకోవడం. ఎక్కువమంది దీన్ని హాబీ అనుకుంటారు, నేను మాత్రం దీన్ని వృత్తిలో భాగమే అంటాను. బాగా వచ్చినవాళ్లకు పది మెట్లు ఒకే మెట్టులా కనిపిస్తాయి. పిల్లలకు ఆ పదీ విడివిడిగానే ఉంటాయి. ఆ అనుభవం మళ్లీ కావాలంటే పెద్ద ఖర్చేం లేదు. ఐదుల పద్ధతిలో లెక్కలు చేయండి. అంకెలు 0, 1, 2, 3, 4 మాత్రమే, 4 తర్వాత 10. ఇప్పుడు 23 + 14 చేయండి. జవాబు 42. 32 - 14 చేయండి. జవాబు 13. మూడో ఎక్కం చదవండి: 3, 11, 14, 22. మామూలు లెక్కలోకి మార్చుకుని చేసి మళ్లీ తిప్పి రాస్తే దొంగాట కింద లెక్క. పది నిమిషాలు నిజాయితీగా చేస్తే వేళ్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెడతారు. రెండో తరగతిలో "ఇంకా వేళ్లేనా?" అని కసిరే ముందు ఒక్క క్షణం ఆగుతారు. తెలుగు పండితులు తమిళ అక్షరాలు రెండు వారాలు దిద్దినా, సైన్సు టీచరు హార్మోనియం ముందు కూర్చున్నా జరిగేది ఇదే.

తోటివాళ్లతో కలిసి చేసే చదువుకు రెండు నమూనాలు చెబుతాను. మొదటిది మన దేశంలోదే. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) జిల్లాలో 1972లో 16 బడులతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం. పల్లెటూరి టీచర్లు ప్రయోగాలు స్వయంగా చేసి, నెలవారీ సమావేశాల్లో అవి ఎక్కడ బెడిసికొట్టాయో చెప్పుకునేవారు. తర్వాత వాళ్లలోంచే శిక్షకులు వచ్చారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. రెండోది జపాన్ బడుల్లో వందేళ్లకు పైగా సాగుతున్న పాఠ పరిశీలన. దీన్ని మీ బడిలోనే, పెద్దగా అనుమతులు లేకుండా చేయొచ్చు. ముగ్గురు నలుగురు కలిసి ఒక్క పీరియడ్ పాఠాన్ని రాసుకోండి, అడగబోయే ముఖ్యమైన ప్రశ్నను అక్షరం అక్షరం రాయండి. ఒకరు చెబుతారు. మిగతావాళ్లు వెనక బెంచీలో కూర్చోకూడదు, ఒక్కొక్కరు ముగ్గురు పిల్లల పక్కన నిలబడి వాళ్లు ఏం రాశారు, ఏం కొట్టేశారు, పక్కవాడితో ఏమన్నారు అన్నది మాత్రమే రాసుకోవాలి. అదే రోజు ముప్పావు గంట చర్చ. ముందు పాఠం చెప్పినవాళ్లు మాట్లాడతారు. పాఠాన్ని సవరించి వేరొకరు ఇంకో సెక్షన్‌లో చెబుతారు.

ఇది చెడిపోయే దారి ఎప్పుడూ ఒకటే. చర్చ పిల్లల మీంచి టీచరు మీదికి మళ్లుతుంది: బోర్డు మీద అక్షరాలు చిన్నవయ్యాయి, గొంతు వినపడలేదు, టీఎల్ఎం (బోధన సామగ్రి) లేదు. అలా ఒక్కసారి జరిగితే రెండోసారి ఎవరూ ముందుకు రారు. అందుకే నియమం ముందే పెట్టుకోండి: ప్రతి మాటా "ఫలానా బెంచీలో పిల్ల ఇలా చేసింది" అని మొదలవ్వాలి. హెడ్మాస్టరు గారు కూర్చుంటానంటే సంతోషం, కానీ తనిఖీ రిజిస్టరు ఆఫీసులోనే ఉంచి రమ్మని మర్యాదగా చెప్పండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో కూడా పీపీటీ అయ్యాక మిగిలిన అరగంటలో తలా రెండు నోట్‌బుక్‌లు తెచ్చి తప్పులు చదువుకుంటే ఆ ప్రయాణం ఖర్చు గిట్టుబాటవుతుంది.

గంటల లెక్కకొస్తే, 2020 జాతీయ విద్యావిధానం టీచరుకు ఏడాదికి కనీసం 50 గంటల నిరంతర వృత్తి శిక్షణ ఉండాలంటుంది. ప్రభుత్వం టీచర్లకు ఆన్‌లైన్‌లో పెట్టే దీక్షా, నిష్ఠా కోర్సులు ఆ ఖాతాలోకే వస్తాయి. తప్పించుకోలేనివి కాబట్టి వాటినే పనికొచ్చేలా వాడుకోండి: క్విజ్‌ను వీడియో చూడకముందే ఒక కాగితం మీద రాయండి, తప్పినవాటి కోసం మాత్రమే వీడియో వినండి, అందులోంచి ఒక్క విషయాన్ని వారంలోపు క్లాసులో వాడండి. అలా వాడుకోదగ్గది ఏమీ లేని మాడ్యూళ్లూ ఉంటాయి, వాటిని ముగించి మర్చిపోండి. 2025 సెప్టెంబర్ 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత సర్వీసులో ఉన్నవాళ్లు కూడా ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు చదువుతున్నారు. 150 మార్కుల్లో శిశు వికాసానికి 30. ఆ ముప్పై మార్కుల చదువును బిట్లుగా బట్టీపడితే పరీక్షతో పోతుంది. మనస్తత్వవేత్త పియాజే చెప్పిన పరిమాణ నిత్యత్వాన్ని (గ్లాసు ఆకారం మారినా నీళ్లు అంతే ఉంటాయన్న అవగాహనను) మీ ఇంటిపక్క ఐదేళ్ల పిల్లతో రెండు గ్లాసులు, నీళ్లు పెట్టి చేసి చూస్తే పోదు.

జ్ఞాపకం విషయంలో మనం పిల్లలకు చెప్పేదీ, మనం చేసేదీ ఒకటే తప్పు, మళ్లీ మళ్లీ చదవడం. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో చూపించినదాని ప్రకారం, ఐదు నిమిషాల తర్వాత అడిగితే తిరిగి చదివినవాళ్లే ముందుంటారు. వారం తర్వాత అడిగితే, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు ముందుంటారు. మీ అధ్యాయానికి దీన్ని వాడుకోండి. ఫలితం కనిపించాక క్లాసులోకి తీసుకెళ్లండి: పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు మూడు ప్రశ్నలు, నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి. మార్కులు వేయకండి. మార్కులు వేస్తే పక్కవాడి పుస్తకం చూడడం మొదలవుతుంది, ఎవరికి ఏం గుర్తులేదో మీకు తెలియకుండా పోతుంది.

ఏఐ గురించి కూడా అడిగారు. "ఈ లెక్కలో ఏడో తరగతి పిల్లలు చేసే ఐదు రకాల తప్పులు, ఒక్కోదానికి తప్పు జవాబు ఇవ్వు" అని అడిగితే పాఠం ముందు ఊహించడానికి బాగానే అక్కరకొస్తుంది. ఇచ్చిన ప్రతి జవాబునూ చేత్తో చేసి చూడండి, చెప్పిన తప్పు పద్ధతికీ వచ్చిన జవాబుకూ పొంతన లేని సందర్భాలు ఉంటాయి. తెలుగులో అడిగితే లవం, హారం తారుమారు కాలేదు కదా అన్నదీ గమనించండి. పిల్లల ఫొటోలు, పేర్లు ఉన్న పేజీలు అందులో పెట్టొద్దు.

బడిలో మీరొక్కరే గణితం టీచరై, కలిసి కూర్చునేవాళ్లు ఎవరూ లేకపోతే, నెలకోసారి మీ పాఠం పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. వీడియో అవసరం లేదు, మాట చాలు. మొదటిసారి సొంత గొంతు వినడం చిరాగ్గానే ఉంటుంది, అందుకని ఒకే ఒక్క విషయం లెక్కపెట్టండి: ప్రశ్న అడిగాక మీరే జవాబు చెప్పేయడానికో ఇంకొకరిని లేపడానికో ఎన్ని సెకన్లు ఆగారు. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో కొలిచినప్పుడు టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. మనసులో "ఒకటి, రెండు, మూడు" అనుకుంటే తొందరలో ఒక్క సెకనులోనే అయిపోతుంది, గోడ గడియారం ముల్లు చూసి ఆగండి. విన్నాక రికార్డింగ్ తీసేయండి, ఏ గ్రూపులోనూ పెట్టకండి.